సైన్యం నిబంధనల మీద వినతిపత్రం ఇస్తున్నాం, మన ఊళ్ళ నుంచి ఏం రాయాలి?

కావలి టైలరక్క

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంటి ముందు గదిలో మిషను కుట్టుకుంటాను. మా మరిది మిలిటరీలో చేసి రిటైరై వచ్చాడు. వాళ్ళ మాజీ సైనికుల సంఘం వాళ్ళు మన ఎంపీకి ఒక వినతిపత్రం ఇద్దామనుకుంటున్నారు. సైన్యంలోకి ఎవరిని తీసుకుంటున్నారు, ఎవరిని తీసుకోవడం లేదు, తీసుకున్నాక అందరినీ ఒకే రకంగా చూస్తున్నారా అనేది విషయం. సంఘంలో ఉన్నదంతా మగవాళ్ళే. "వదినా, ఆడపిల్లల గురించి నువ్వే రాయాలి" అని ఆ భాగం నాకు అప్పజెప్పాడు.

నాకు అప్పజెప్పడానికి కారణం ఉంది. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, చిన్నప్పటి నుంచి యూనిఫాం అంటే పిచ్చి. రోజూ తెల్లారి ఐదింటికి లేచి కాలేజీ గ్రౌండ్‌కి పోతుంది, నేను గేటు దగ్గర ఫోను పట్టుకుని టైం చూస్తా ఉంటా. 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల 12 సెకన్లలో పరిగెత్తింది పోయిన వారం. మిలిటరీ పోలీసు, అంటే సైన్యంలోనే ఉండే పోలీసు విభాగంలో ఆడపిల్లలకు ఏడున్నర నిమిషాల లోపు వస్తే మొదటి గ్రూపు. అంటే పరుగు సరిపోయింది. సరిపోనిది ఎత్తు. 162 సెంటీమీటర్లు కావాలి, మా పిల్ల 159. నేను టేపు పట్టే మనిషిని, రోజుకు పదిమంది కొలతలు తీస్తా, ఆ మూడు సెంటీమీటర్లు ఎన్నిసార్లు కొలిచానో నాకే లెక్క లేదు. తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలు ఆరో ఏడో ఉన్నాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఏడాదిగా కదల్లేదు.

నా పిల్ల కోసం నిబంధన మార్చమని రాయను, అది తప్పు. కానీ ఎన్‌డీఏలో, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి ఆఫీసరు కావడానికి ఆడపిల్లకు 152 చాలు అంటున్నారు. ఆఫీసరుకు 152 చాలినప్పుడు మిలిటరీ పోలీసు జవానుకు 162 ఎందుకు? కారణం ఉండే ఉంటుంది, ఆ కారణం ఎక్కడా రాసి లేదు. ఇట్టాంటివి వినతిలో రాయొచ్చా? రాస్తే ఎవరైనా చదువుతారా? అసలు మనలాంటి వాళ్ళు సైన్యం గురించి మాట్లాడొచ్చా అని కూడా సందేహంగా ఉంది. మీ ఇళ్ళల్లో మిలిటరీ వాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

గిద్దలూరు సుబేదార్

అమ్మాయ్, మాట్లాడొచ్చా అని అడగొద్దు, మాట్లాడాల్సింది మీరే. సర్వీసులో ఉన్నవాడు మాట్లాడలేడు. ఆర్మీ చట్టం ప్రకారం రాజకీయ సభకు పోకూడదు, అనుమతి లేకుండా సంఘం పెట్టకూడదు, పేపరు వాళ్ళతో మాట్లాడకూడదు. అది ఉండాలి కూడా, నేను దాన్ని తప్పు పట్టను, 28 ఏళ్ళు ఆ క్రమశిక్షణలోనే బతికా. లోపల సైనిక్ సమ్మేళన్ ఉంటుంది, యూనిట్‌కి పెద్ద అయిన సీఓ సాబ్ ముందు నిలబడి లంగర్‌లో, అంటే వంటశాలలో కూర బాలేదనో, సెలవు అందలేదనో చెప్పుకోవచ్చు. కానీ భర్తీ నిబంధనల మీద, ఎవరిని తీసుకోవాలనే దాని మీద జవానును అడిగేవాళ్ళు లేరు. కాబట్టి రిటైరైన మేము, ఇంట్లో ఉన్న మీరు చెప్పకపోతే ఆ మాట ఎవరూ చెప్పరు.

నాకు ఇందులో ఒక బాధ ఉంది, దాన్ని చాలా ఏళ్ళ నుంచి ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నా. ఆడ ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్, అంటే కొన్నేళ్ళకే పంపేయకుండా రిటైరయ్యేదాకా ఉద్యోగం ఇవ్వాలని 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా, ఆ కేసులో కేంద్రం తరఫున ఇచ్చిన వాదనలో ఒక మాట ఉంది. జవాన్లు ఎక్కువగా పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఆడ ఆఫీసరు కమాండ్‌లో పనిచేయడానికి వాళ్ళ మనసులు ఇంకా సిద్ధంగా లేవు అని. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. పల్లెటూరి జవాను అంటే నేనే. మా గిద్దలూరు వైపు పల్లెల నుంచి పోయిన కుర్రాళ్ళే. మా మనసులో ఏముందో మమ్మల్ని ఎవరు అడిగారు? ఒక్క కాగితం ముక్క మా దగ్గరకు రాలేదు. మా పేరు చెప్పి ఆడపిల్లలకు అడ్డం పెట్టారు.

నేను ఏఎస్‌సీలో చేశా, అంటే రేషను, పెట్రోలు, లారీలు. శ్రీనగర్ నుంచి లేహ్‌కి కాన్వాయ్. ఒక సీజన్‌లో మాకు లేడీ కెప్టెన్ సాబ్ వచ్చింది, మహా అంటే 26 ఏళ్ళు ఉంటాయి. మొదట్లో మేమంతా అనుకున్నాం, ఈ పాప ఏం చూస్తుందిలే అని. జోజిలా కనుమ ఎక్కే ముందు రోజు చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ప్రతి బండి కిందికీ వంగి చూసింది, టైర్లకు గొలుసులు ఉన్నాయా, ఉంటే కొక్కేలు సరిగ్గా పడ్డాయా అని. నా బండి గొలుసులో ఒక లంకె సగం అరిగి ఉంది. నాకు తెలుసు, రేపటికి సరిపోతుందిలే అని వదిలేశా. ఆమె చేత్తో తడిమి పట్టుకుంది, చేతికి గ్లౌజు కూడా లేదు. తిట్టలేదు. "ఉస్తాద్, ఇది మార్చు, నేను నిలబడతా" అంది. మార్చేదాకా ఆ చలిలో అక్కడే నిలబడింది. మర్నాడు ఘాట్‌లో మంచు మొదలైంది. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా ఆ కాన్వాయ్‌లో ఎదురు మాట్లాడిన పల్లెటూరి జవాను ఒక్కడూ లేడు. ఈ సంగతి నువ్వు రాయి. నా పేరుతోనే రాయి.

ఒంగోలు హవల్దార్

సుబేదార్ సాబ్‌కి రామ్ రామ్. నేను మద్రాస్ రెజిమెంట్, ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం. మీ మాట కాదనను కానీ రెండో వైపు కూడా వినతిలో ఉండాలి. కాన్వాయ్ వేరు, ఎల్‌ఓసీ మీద, అంటే పాకిస్తాన్ వైపు నియంత్రణ రేఖ మీద పోస్టు వేరు. ఏడెనిమిది మంది ఒక బంకర్‌లో, నెలల తరబడి, స్నానం లేదు, గోప్యం అనే మాటే లేదు, 30 కిలోల బరువు వీపు మీద, దెబ్బ తగిలినవాణ్ణి భుజాన వేసుకుని కొండ దిగాలి. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకుల దళాలకు ఇప్పటికీ ఆడవాళ్ళను తీసుకోవడం లేదంటే ఊరికే కాదు. ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళంలోకి 2023లో ఐదుగురు లేడీ ఆఫీసర్లను తీసుకున్నారు, మంచిదే, వాళ్ళు బాగా చేస్తే తర్వాతి తలుపు తెరుచుకుంటుంది. కానీ తెరవమని అడిగేవాళ్ళు ఆ పోస్టులో టాయిలెట్ ఎక్కడ కడతారు, డాక్టరు ఎంత దూరంలో ఉంటాడు అనేది కూడా అడగాలి. వసతి లేకుండా తీసుకెళ్ళి పడేసి, తర్వాత చూశారా ఆడవాళ్ళు తట్టుకోలేరు అనే రకం మనుషులు ఉన్నారు. నా భయం అది.

నేను చెప్పాలనుకుంది అసలు ఇంకోటి. అందరికీ చోటు అంటే ఆడ మగ ఒక్కటే కాదు, భాష కూడా. నేను వెల్లింగ్టన్‌లోని మా రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్‌కి పోయినప్పుడు నాకు తెలుగు తప్ప ఏదీ రాదు. బ్యారక్‌లో తమిళం, మలయాళం, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ అరుపులు హిందీలో. మొదటి నెల ఆయన "దాహినే", అంటే కుడికి, అని అరిస్తే నేను ఎడమకు తిరిగేవాణ్ణి, దానికి గ్రౌండ్ చుట్టూ పరుగు. బుద్ధి లేక కాదు, ఆ మాట తెలియక. రాత్రి పూట పక్క మంచం తమిళ తంబి కొవ్వొత్తి వెలుగులో నాకు ఒక్కో హిందీ మాట రాసిచ్చేవాడు, ఆ చీటీలు చాలా ఏళ్ళు దాచుకున్నా. ఇప్పుడు జవాన్లను తీసుకునే అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, చాలా సంతోషం, అది పదిహేనేళ్ళ ముందే రావాల్సింది. మరి ఎన్‌డీఏ? ఇప్పటికీ ఇంగ్లీషు, హిందీ రెండే. దర్శి పక్క పల్లెలో తెలుగు మీడియంలో చదివిన పిల్లాడు లెక్కల్లో ఎంత చురుగ్గా ఉన్నా ఆ పరీక్ష దగ్గరే ఆగిపోతాడు. జవానుగా తెలుగోడు పనికొస్తాడు, ఆఫీసరుగా పనికి రావాలంటే ముందు భాష మార్చుకోవాలి. దీన్ని తప్పకుండా రాయండి అక్కా.

నెల్లూరు ఎన్‌సీసీ మేడమ్

నేను నెల్లూరులో డిగ్రీ కాలేజీలో చెప్తాను, ఎన్‌సీసీ అమ్మాయిల ప్లటూన్ చూస్తాను. టైలరక్క ఎత్తు గురించి అడిగిన ప్రశ్న మామూలు ప్రశ్న కాదు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ప్రశ్నకు అది చెల్లెలు లాంటిది.

2020 తీర్పు తర్వాత ఏమైందో చాలామందికి తెలియదు. పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంటే మెడికల్‌గా షేప్ వన్, అంటే పూర్తి ఫిట్‌నెస్ గ్రేడు ఉండాలన్నారు. చూడ్డానికి అందరికీ ఒకే రూలు. కానీ మగ ఆఫీసర్లకు ఆ పరీక్ష సర్వీసు ఐదో ఏడో పదో ఏడో ఉన్నప్పుడు, అంటే పాతిక ముప్ఫై ఏళ్ళ వయసులో జరుగుతుంది. ఆడవాళ్ళకు అప్పట్లో ఆ అవకాశమే ఇవ్వలేదు, తీర్పు వచ్చేసరికి చాలామందికి నలభై దాటాయి. నలభై ఐదేళ్ళ మనిషిని పాతికేళ్ళ కొలతతో కొలిచి ఫెయిల్ అన్నారు. 2021 మార్చి 25న సుప్రీంకోర్టు ఇది పరోక్ష వివక్ష అని చెప్పింది. పైకి సమానంగా కనిపించే రూలు కూడా కొందరిని బయటికి నెట్టగలదని అంత స్పష్టంగా చెప్పిన తీర్పు అది. నేను ప్రతి ఏడాదీ మా పిల్లలకు దాన్ని చెప్తాను.

ఆ తర్వాత అదే ఏడాది ఆగస్టులో ఎన్‌డీఏ పరీక్ష అమ్మాయిలను రాయనివ్వమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు, 2022లో చేరారు, 2025 మే 30న 17 మంది అమ్మాయిలు ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీలో శిక్షణ ముగించి పాసింగ్ అవుట్ పరేడ్ చేశారు. 2025 ఆగస్టులో ఆర్మీ న్యాయ విభాగంలో మగవాళ్ళకు ఆరు, ఆడవాళ్ళకు మూడు అని సీట్లు విడగొట్టిన పద్ధతిని కూడా కోర్టు కొట్టేసింది, ఆ కేసు వేసిన అమ్మాయికి సీటు వచ్చిన మగ అభ్యర్థి కంటే ఎక్కువ మార్కులున్నాయి.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, వీటిలో దేన్నీ ముందుగా మనల్ని అడిగి మార్చలేదు. ప్రతిదానికీ ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది, వాళ్ళల్లో చాలామంది తమ ఉద్యోగాన్ని, తమ వయసును పణంగా పెట్టిన అమ్మాయిలే. మా ప్లటూన్‌లో ఈ ఏడు 40 మంది ఉన్నారు, అందులో సగం మంది కూలి పని చేసుకునే ఇళ్ళ పిల్లలు, వాళ్ళెవరూ ఢిల్లీ పోయి కేసు వేయలేరు. వాళ్ళకు ఉన్న దారి ఇట్టాంటి వినతే.

హవల్దార్ గారూ, మీరన్న వసతి విషయం నూటికి నూరు పాళ్ళు నిజం. అయితే ఒక మనవి. టాయిలెట్ లేదు కాబట్టి తీసుకోం అనడం, తీసుకోవాలి కాబట్టి టాయిలెట్ కట్టండి అనడం, ఈ రెండింట్లో మనం రెండోది రాయాలి. క్యాంపులకు వెళ్ళినప్పుడు నేను చూస్తుంటాను, అమ్మాయిలు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగరు. ఎందుకో మీకు తెలుసు. అది వాళ్ళ ఒంట్లో బలహీనత కాదు, గ్రౌండ్‌లో గది కట్టకపోవడం.

ఒంగోలు హవల్దార్

మేడమ్, నీళ్ళు తాగరన్న మాట చదివాక నేను ఏమీ అనలేను. మీరు చెప్పినట్టే రాయండి. అయితే పరుగు, బరువు, రైఫిల్ పరీక్షల్లో తగ్గింపు అడగొద్దు. పని ఏం కోరుతుందో అది అందరికీ ఒకటే.

ఒంగోలు లాయర్

కొంచెం పద్ధతి చెప్తాను, లేకపోతే మీ కష్టం ఎవరి టేబుల్ కిందో పడిపోతుంది.

ముందు చట్టం. ఆర్మీ చట్టం 1950, సెక్షన్ 12 ప్రకారం కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి అనుమతించిన విభాగాల్లో తప్ప ఆడవాళ్ళను చేర్చుకోకూడదు. అంటే ఇప్పటికీ చట్టంలో మొదటి మాట 'వద్దు', తర్వాతి మాట 'ఫలానా చోట పర్వాలేదు'. 1992 నుంచి ఆఫీసర్లుగా వచ్చినా, 2019లో మిలిటరీ పోలీసులో జవాన్లుగా తీసుకోవడం మొదలుపెట్టినా, అన్నీ ఆ మినహాయింపు కిందివే. మీ వినతిలో ఒకే ఒక్క పెద్ద కోరిక పెట్టదలిస్తే ఇది పెట్టండి: ఈ వరసను తిప్పండి. అందరికీ తెరిచి ఉందని మొదలుపెట్టి, ఏ పనికి ఎవరిని ఎందుకు వద్దంటున్నారో కారణంతో సహా రాయమనండి. అప్పుడు టైలరక్క 162కి జవాబు కూడా వాళ్ళే రాయాల్సి వస్తుంది.

ఇక దారి. లోక్‌సభకు పిటిషన్ల కమిటీ ఉంది. పిటిషన్ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాస్తే ఆ రెండింట్లో ఒక దానిలోకి అనువాదం జతచేసి సంతకం పెట్టాలి. ఎంపీ దాని మీద తన సంతకం కూడా పెట్టి సభలో ఇవ్వొచ్చు. ఊరికే ఎంపీ చేతికి కాగితం ఇచ్చి ఫోటో దిగి రావద్దు, పిటిషన్‌గా ప్రవేశపెట్టమని అడగండి. రక్షణ శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఉంది, దానికి ఒక ప్రతి పంపండి.

మూడోది, ఎత్తు నిబంధనకు ఆధారం ఏమిటని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి వాటిని ఆ చట్టం నుంచి చాలా మేరకు తప్పించారు కానీ ఆర్మీని తప్పించలేదు. దేశ భద్రతకు సంబంధించినవి ఇవ్వరు. ఒక పోస్టుకు ఎత్తు ఎంత ఉండాలో ఏ అధ్యయనంతో నిర్ణయించారనేది దేశ రహస్యం కాదు కదా. ఇదే చట్టం సెక్షన్ 4లో, జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు చేసేటప్పుడు సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలని ఉంది. అదీ గుర్తు చేయండి.

2022 జూన్ 14న జవాన్లను నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు ఏం జరిగిందో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వచ్చే మన నెల్లూరు, ప్రకాశం కుర్రాళ్ళు రెండేళ్ళు కోవిడ్ వల్ల ర్యాలీలు లేక వయసు దాటబోతున్నారు, ముసాయిదా ముందుగా జనంలో పెట్టి ఉంటే ఆ సంగతి మొదటి రోజే తెలిసేది. గొడవలు మొదలయ్యాక ఆ ఒక్క ఏడాదికి వయసు పరిమితి 23కి పెంచారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక ప్రాణం పోయింది. అడగాల్సిన మాట ముందే అడిగితే పోయేది కాదేమో అనిపిస్తుంది నాకు.

నెల్లూరు నర్సమ్మ

ఎవరూ నర్సుల మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. నేను సివిల్ నర్సునే, కానీ మా బ్యాచ్‌లో ఒకామె మిలిటరీ నర్సింగ్‌లోకి వెళ్ళింది. ఆడవాళ్ళు సైన్యంలోకి ఇప్పుడు కొత్తగా వస్తున్నారని అందరూ అంటుంటే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది, నర్సులు ఎప్పటి నుంచో ఉన్నారు, యుద్ధాల్లో ఉన్నారు. పెళ్ళి చేసుకుందని ఒక మిలిటరీ నర్సింగ్ ఆఫీసరును 1988లో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ రూలు మగవాళ్ళకు లేదు. ఆమెకు న్యాయం జరిగింది 2024 ఫిబ్రవరిలో, 60 లక్షలు ఇవ్వమంది సుప్రీంకోర్టు. ముప్ఫై ఆరేళ్ళు. ఉద్యోగం చేయాల్సిన వయసంతా కోర్టులోనే అయిపోయింది.

కాబట్టి అక్కా, చేర్చుకోవడం గురించి రాసి ఆపొద్దు. చేరాక పెళ్ళి, కాన్పు, పిల్లల పెంపకం, బదిలీ, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే తన పై ఆఫీసరుకే కాకుండా బయట ఎవరికి చెప్పుకోవాలి, ఇవన్నీ ఉండాలి. ఇంకా ఒకటి, విశాఖలో పనిచేసిన ఒక నేవీ ఉద్యోగి ఆపరేషన్ చేయించుకుని ఆడదిగా మారినందుకు 2017లో ఉద్యోగం తీసేశారు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 2019లో వచ్చింది. అట్టాంటి మనుషులు మన వార్డులకు వస్తారు, వాళ్ళ చేతికి సెలైన్ పెట్టేది మేమే, వాళ్ళూ మనుషులేనని నేను ఎవరికీ నిరూపించనక్కర్లేదు. సంఘంలో పెద్దవాళ్ళు ఒప్పుకుంటారో లేదో, ఒక వాక్యమైనా పెట్టించండి.

కావలి టైలరక్క

మీ అందరికీ ఎట్టా దండం పెట్టాలో తెలియడం లేదు. నిన్న రాత్రి షాపు కట్టేశాక మా పిల్ల పక్కన కూర్చుని అన్నీ చదివి వినిపించింది. సుబేదార్ బాబాయ్ గొలుసు సంగతి చదివేటప్పుడు దాని గొంతు ఆగిపోయింది.

రాసుకున్నవి చెప్తా, తప్పుంటే దిద్దండి. సెక్షన్ 12 వరస తిప్పమనేది మొదట పెడుతున్నా. తర్వాత ప్రతి కొలతకీ కారణం రాసి జనం ముందు పెట్టాలని, పరుగులో బరువులో తగ్గింపు అడగడం లేదని హవల్దార్ అన్న చెప్పినట్టు స్పష్టంగా. ఎన్‌డీఏ తెలుగులో. వసతి. నర్సమ్మ చెప్పినవి. ట్రాన్స్‌జెండర్ మాటకు మా మరిది కాసేపు ఊరుకుని, "పెట్టు వదినా, ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా" అన్నాడు. పల్లెటూరి జవాన్ల పేరు చెప్పి నిర్ణయం చేసేముందు పల్లెటూరి జవాన్లను అడగండి అనేది వేరే పేజీలో, బాబాయ్ మాటల్లోనే రాశా, ఒక్క అక్షరం మార్చలేదు.

ఇంగ్లీషు అనువాదం ఎన్‌సీసీ మేడమ్ చేసిస్తామన్నారు. సమాచార హక్కు అర్జీ రేపు పోస్టు చేస్తున్నాం, అది మా పిల్లే తన పేరుతో రాసింది. ఆదివారం సంతకాలు. బాబాయ్, మీరు గిద్దలూరు నుంచి ఇంత దూరం రావద్దు, కాగితం పోస్టులో పంపిస్తా.

గిద్దలూరు సుబేదార్

పోస్టులో వద్దమ్మాయ్, శనివారం రాత్రి బస్సుకు వస్తా. మా ఊళ్ళో ఇంకో నలుగురు ఉన్నారు, వాళ్ళూ వస్తామంటున్నారు, వాళ్ళల్లో ఇద్దరు లేడీ ఆఫీసర్ల కింద చేసినవాళ్ళే. సంతకం పక్కన మా సర్వీసు నంబర్లు రాయడానికి చోటు వదులు.

పాపకు చెప్పు, ఎత్తు గొడవ తేలేదాకా పరుగు ఆపొద్దని. 7:12 ని 7 లోపు తెమ్మను.